సీనరీలో కూలోళ్ళు ఏరీ?

"సీనరీ" అన్న మాట మన ఊళ్ళల్లో తెలియనివాళ్ళు లేరు. బడిలో డ్రాయింగు పీరియడప్పుడు పంతులుగారు "సీనరీ వెయ్యండ్రా" అంటే పిల్లలందరూ ఒకటే బొమ్మ వేస్తారు. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కిందికి దిగే ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, పైన నాలుగు పిట్టలు. మనిషి మాత్రం ఉండడు. లాడ్జీ గదిలోనో ఫోటో స్టూడియోలోనో గోడకు అతికించిన పెద్ద సీనరీ చూడండి. అది చాలాసార్లు మన దేశానిది కూడా కాదు. పచ్చిక బయలు, నిదానంగా పారే ఏరు, గడ్డి కప్పిన ఇల్లు, దూరంగా చర్చి గోపురం. ఇంగ్లండు పల్లె. అందులోనూ మనిషి ఉండడు. ఉన్నా చీమంత ఉంటాడు.

మనుషులు లేని ఊరు ఎక్కడన్నా ఉంటుందా? ఆ పచ్చిక దానంతటదే కోసుకుందా? ఆ చేను దానంతటదే పండిందా? ఈ ప్రశ్న వెంట పడితే అది నన్ను ఇంగ్లండు దాకా, రెండొందల డెబ్భై ఏళ్ళ వెనక్కి తీసుకుపోయింది. అక్కడ దొరికిన సంగతులే ఇక్కడ చెబుతున్నాను. కూలి రేట్ల సంగతి రాయక బొమ్మల సంగతి మనకెందుకయ్యా అని అడిగేవాళ్ళు ఉంటారు. ఈ బొమ్మల కథ కూలి కథే, భూమి కథే. కాస్త ఓపికగా చదవండి.

దొర, దొరసాని, కోసిన చేను

లండన్‌లో నేషనల్ గ్యాలరీ అని ఒక పెద్ద చిత్రశాల ఉంది. అందులో థామస్ గెయిన్స్‌బరో అనే చిత్రకారుడు 1750 ప్రాంతంలో వేసిన ఒక బొమ్మ ఉంది. దాని పేరు "మిస్టర్ అండ్ మిసెస్ ఆండ్రూస్". చూడనివాళ్ళ కోసం చెబుతాను. ఎడమ పక్కన ఓక్ చెట్టు. దాని కింద బెంచీ మీద నీలం రంగు గౌనులో దొరసాని. పక్కన కాలు మీద కాలు మెలేసి నిలబడ్డ దొర. చంకలో తుపాకి, కాళ్ళ దగ్గర వేటకుక్క. బొమ్మలో మిగతా సగం వాళ్ళ పొలం. అది సఫక్ జిల్లాలో సడ్‌బరీ అనే ఊరి దగ్గర ఉన్న భూమి. కోత అయిపోయింది. పనలు కట్టి నిలబెట్టారు. కొయ్యకాళ్ళు గీత గీసినట్టు వరసల్లో ఉన్నాయి. అంటే చేత్తో చల్లిన విత్తనం కాదు, గొర్రు మిషనుతో వేసిన విత్తనం. కొత్త రకం వ్యవసాయం. దూరంగా కంచె వేసిన బీట్లో గొర్రెలు.

మరి చేను కోసినవాళ్ళేరి? పన కట్టిన ఆడమనిషేది? బొమ్మంతా వెతికినా ఒక్క కూలిమనిషి కనపడడు. మరిచిపోయిన కొడవలి కూడా కనపడదు. పొలం ఉంది, పంట ఉంది, ఆసామి ఉన్నాడు. పని మాత్రం మాయమైంది.

ఆ చంకలో తుపాకి కూడా ఊరికే లేదు. 1671లో చేసిన వేట చట్టం ప్రకారం ఏడాదికి 100 పౌన్ల ఆదాయం తెచ్చే సొంత భూమి ఉన్నవాడికే, లేదా అంతకు సమానమైన హోదా ఉన్నవాడికే వేటాడే హక్కు. ఆకలైన కూలోడు కుందేలును పట్టుకుంటే దొంగ. 1816లో ఇంకా కఠినమైన చట్టం చేశారు. రాత్రిపూట వలతోనో ఆయుధంతోనో దొరికినవాణ్ణి ఏడేళ్ళు సముద్రం దాటించవచ్చన్నారు. కాబట్టి ఆ తుపాకి ఒక పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. ఈ నేల మీద తిరిగే జీవం కూడా నాదేనని చెబుతుంది.

జాన్ బెర్జర్ అనే రచయిత 1972లో టీవీలోనూ పుస్తకంలోనూ ఈ మాట తేల్చి చెప్పాడు. వీళ్ళు భూమి యజమానులు, ఆ సంగతి వాళ్ళ నిలబడ్డ తీరులోనే ఉందన్నాడు. పండితులకు కోపం వచ్చింది. అయ్యో, వాళ్ళు ప్రకృతి ప్రేమికులు, ప్రకృతిని ఆస్వాదిస్తున్నారు అన్నారు. ప్రేమ లేదని ఎవరన్నారు? గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆసామికి కూడా తన చేను అందంగానే కనపడుతుంది. నడుం వంచి నాటేసేదానికి ఆ అందం చూసే తీరిక ఉండదు. అదే తేడా.

కంచె వేసిన కాలం

ఇంగ్లండులో ఈ పల్లె బొమ్మలకు గిరాకీ పెరిగిన కాలం ఏదో చూడండి. సరిగ్గా అదే కాలంలో పల్లెల్లో ఉమ్మడి భూములు పోయాయి. అంతకుముందు ప్రతి ఊరికీ ఉమ్మడి బీడు ఉండేది. సెంటు భూమి లేనివాడు కూడా చాలాచోట్ల అక్కడ ఒక ఆవును మేపుకునేవాడు, బాతుల్ని తోలుకునేవాడు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునేవాడు. ఆ ఆవు పాలు, ఆ పుల్లలు ఉన్నంతకాలం ఆసామి ముందు కొంతైనా తల ఎత్తి నిలబడగలిగాడు. ఈ కూలికి రాను అనగలిగాడు.

ఆ బీళ్ళకు కంచెలు వేయడానికి పార్లమెంటులో చట్టాలు చేశారు. 1604 నుంచి 1914 దాకా 5,200కు పైగా చట్టాలు. వాటి కింద దాదాపు 68 లక్షల ఎకరాలకు కంచె పడింది. ఇంగ్లండు మొత్తం నేలలో అయిదో వంతుకు కొంచెం ఎక్కువే. అందులో అత్యధిక భాగం 1750 తర్వాత నూరేళ్ళలో జరిగిందే. ఊరి సమ్మతి ఎట్లా లెక్కపెట్టారో తెలుసా? తలల్ని లెక్కపెట్టలేదు. భూమిని లెక్కపెట్టారు. ఎక్కువ భూమి ఉన్న నలుగురు సరే అంటే ఊరంతా సరే అన్నట్టే. సర్వేయరు వచ్చాడు, గొలుసు పట్టాడు, ముళ్ళకంచె నాటారు. చిన్న రైతుకు వాటాగా చిన్న ముక్క ఇచ్చినా దానికి కంచె వేసే ఖర్చు భరించలేక చాలామంది అమ్ముకున్నారు. నిన్నటిదాకా ఆవు ఉన్నవాడు ఇవాళ ఒట్టి కూలోడయ్యాడు.

పొలాలే కాదు, ఊళ్ళు కూడా అడ్డమయ్యాయి. లాన్సెలాట్ బ్రౌన్ అని తోటలు వేసే పెద్ద నిపుణుడు ఉండేవాడు. పెద్ద దొరల కోటల చుట్టూ కొండలు చదును చేసి, చెరువులు తవ్వి, చెట్లు నాటి, "ఇది సహజం" అనిపించేవాడు. డార్సెట్ జిల్లాలో లార్డ్ మిల్టన్ అనే ప్రభువుకు తన ఇంటి ముందు ఊరు ఉండడం కంటికి నచ్చలేదు. ఊరు ఊరంతా పడగొట్టించి, కంటికి కనపడనంత దూరంలో 1780 నాటికి కొత్త ఊరు కట్టించాడు. ఇప్పుడు ఆ కొత్త ఊరినే, ఒకే తీరు తెల్లటి ఇళ్ళు ఎంత ముద్దుగా ఉన్నాయో అని టూరిస్టులు ఫోటోలు తీసుకుంటారు. వెళ్ళగొట్టిన కాలనీ కూడా చివరికి సీనరీ అయింది!

ఇంకో తమాషా చూడండి. దొర కిటికీలోంచి చూస్తే కంచె కనపడితే అందం చెడుతుంది. కంచె లేకపోతే పశువులు తోటలో పడతాయి. అందుకని లోతుగా కందకం తవ్వి లోపలి పక్కన గోడ కట్టేవాళ్ళు. ఇంట్లోంచి చూస్తే అంతా ఒకటే పచ్చిక, దగ్గరికి పోతే దాటలేని గోడ. దానికి వాళ్ళు పెట్టిన పేరు "హా-హా". పై నుంచి చూసేవాడికి అడ్డు కనపడదు, కింద ఉన్నవాడికి అదే పెద్ద అడ్డు. ఈ సంగతి మనకొకరు చెప్పాలా?

ఈ తోటలకు డబ్బెక్కడిది? కొంత అక్కడి కూలోళ్ళది, కొంత సముద్రం అవతలిది. యార్క్‌షైర్‌లో హేర్‌వుడ్ అనే మహలు కట్టిన లాసెల్స్ కుటుంబం వెస్టిండీసు చక్కెర మీద, నల్లజాతి బానిసల వెట్టి మీద సంపాదించింది. ఆ తోట కూడా బ్రౌన్ వేసిందే. టర్నర్ అనే గొప్ప చిత్రకారుడు 1797లో అక్కడికి వెళ్ళి ఆ మహలును బొమ్మలుగా వేశాడు. బొమ్మలో చెట్లున్నాయి, ఎండ ఉంది, చెరకు తోట లేదు. రాబర్ట్ క్లైవ్ పేరు మన పిల్లల పుస్తకాల్లో ఉంది. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం దగ్గర బెంగాల్ దివానీ రాయించుకున్నవాడు. అదే ఏడు మన ఉత్తర సర్కారుల మీద కూడా కంపెనీకి ఫర్మానా వచ్చింది. ఆ క్లైవు బెంగాల్లో గడించిన సొమ్ముతో సరే జిల్లాలో క్లేర్‌మాంట్ ఎస్టేటు కొని 1769 నుంచి అదే బ్రౌన్ చేత కొత్త మహలు కట్టించుకున్నాడు. 1802 నుంచి మన సర్కారు జిల్లాల్లో పెట్టిన జమీందారీ శాశ్వత శిస్తు ఏర్పాటు వెనక ఉన్నది కూడా ఆ ఇంగ్లండు భూస్వామి నమూనాయే. పెద్ద ఆసామిని నిలబెడితే ఊరు బాగుపడుతుందన్న నమ్మకం. ఊరు ఎట్లా బాగుపడిందో మన తాతలకు తెలుసు.

శుభ్రమైన కూలోళ్ళు, పరిగె ఏరిన ఆడవాళ్ళు

అన్ని బొమ్మల్లోనూ కూలోళ్ళు లేరని అనడం లేదు. ఉన్నచోట ఎట్లా ఉన్నారో చూడండి. జార్జ్ స్టబ్స్ 1785లో "రీపర్స్", అంటే కోత కూలీలు అనే బొమ్మ వేశాడు. ఇప్పుడది లండన్‌లోని టేట్ చిత్రశాలలో ఉంది. ఎంత శుభ్రంగా ఉన్నారు వాళ్ళు! ఎండలో గోధుమ చేను కోస్తున్నారు గాని చొక్కా మీద చెమట మరక లేదు. చేతికి దెబ్బ లేదు, మొహాన అలసట లేదు. పక్కన గుర్రం మీద ఆసామి కూర్చుని చూస్తున్నాడు. ఆ గుర్రం ఉన్నందుకు బొమ్మ కొంత నిజం చెప్పింది. మిగతాదంతా దొరలు తమ కూలోళ్ళు ఎట్లా ఉండాలని కోరుకున్నారో అదే.

నేను చిన్నప్పుడు మా అమ్మ వెంట పరిగె ఏరడానికి పోయేవాణ్ణి. కోత అయిన చేలో రాలిన వెన్నులు ఏరి ఒళ్ళో వేసుకునేది. కొందరు ఆసాములు ఏరుకోనిచ్చేవాళ్ళు, కొందరు ఒళ్ళో వాటినీ లాక్కునేవాళ్ళు. ఇంగ్లండు పేద ఆడవాళ్ళదీ ఇదే పని. ఆ వెన్నుల పిండితో కొన్ని వారాలు, మంచి ఏడు అయితే కొన్ని నెలలు రొట్టె గడిచేది. అది దయ కాదు, తరతరాల హక్కని వాళ్ళు నమ్మారు. అదే సఫక్ జిల్లాలో టిమ్‌వర్త్ అనే ఊళ్ళో మేరీ హౌటన్ అనే ఆమె 1787లో పరిగె ఏరితే స్టీల్ అనే ఆసామి దావా వేశాడు. 1788లో లండన్ కోర్టు తీర్పు చెప్పింది, పరిగె ఏరే హక్కు ఎవరికీ లేదని. తీర్పు తర్వాత కూడా చాలా ఊళ్ళల్లో ఆడవాళ్ళు మానలేదు. కాని అప్పటినుంచి చట్టం లెక్కన అది ఆసామి దయ అయింది.

ఇప్పుడు 1816లో జాన్ కాన్‌స్టేబుల్ వేసిన "వీట్ ఫీల్డ్" అనే బొమ్మ చూడండి. సఫక్ గోధుమ చేను. ముందు భాగంలో ఒక ఆడమనిషి, ఆడపిల్లలు వంగి పరిగె ఏరుతున్నారు. చూడ ముచ్చటగా ఉంటుంది. కోర్టు తీర్పు వచ్చి అప్పటికి 28 ఏళ్ళు. హక్కు పోయింది, అందం మిగిలింది.

గడ్డి బండి, గడ్డివాము మంటలు

కాన్‌స్టేబుల్ పేరు వచ్చింది గనక ఆయన పెద్ద బొమ్మ సంగతి చెప్పాలి. "హే వెయిన్", అంటే గడ్డి బండి. 1821లో వేశాడు. మన గోడల మీది ఇంగ్లండు సీనరీలకు తాత లాంటి బొమ్మ. స్టౌర్ నది రేవులో మూడు గుర్రాలు కట్టిన ఖాళీ బండి, బండి మీద ఇద్దరు మనుషులు, ఒడ్డున కుక్క, ఎడమ పక్కన ఇల్లు, పైన తేలే మబ్బులు. బాగా దూరంగా పచ్చిక బయల్లో తెల్లటి చుక్కలు కనపడతాయి. కళ్ళు చిట్లించుకుని చూస్తే అవి గడ్డి కోసే కూలోళ్ళు. వాళ్ళకు మొహాలు లేవు.

కాన్‌స్టేబుల్ చెడ్డవాడని నేను అనను. పనితనం తెలిసిన చిత్రకారుడు. మబ్బును, తడిసిన ఆకును ఆయన పట్టుకున్నట్టు పట్టుకున్నవాళ్ళు తక్కువ. ఆయన పుట్టిన ఊరు అదే, ఆ నది అదే. అయితే ఆ నది మీద పిండి మరలు ఆయన తండ్రివి. ధాన్యం వ్యాపారం ఆయన తండ్రిది. ఆయన ఆ ఊరిని మర యజమాని కొడుకుగా చూశాడు.

ఆ కాలంలో ఆ పక్క ఊళ్ళల్లో ఏం జరుగుతోంది? నెపోలియన్‌తో యుద్ధం 1815లో అయిపోయింది. సైనికులు ఇళ్ళకు తిరిగొచ్చారు, పని లేదు, కూలి పడిపోయింది. చలికాలంలో కర్రలతో కొట్టి ధాన్యం నూర్చే పని ఒక్కటే కూలోళ్ళకు ఆధారం. ఆ పని మీదికి నూర్పిడి మిషన్లు వచ్చాయి. 1816లో తూర్పు ఇంగ్లండులో రొట్టె కోసం కూలోళ్ళు తిరగబడ్డారు. ఈలీ పట్టణంలో అయిదుగుర్ని ఉరి తీశారు. 1822లో సఫక్‌లో మిషన్లు పగలగొట్టారు, గడ్డివాములు తగలబెట్టారు. గడ్డి బండి బొమ్మ వేసిన మరుసటి ఏడే అది. ఆ ఏప్రిల్లో కాన్‌స్టేబుల్ తన స్నేహితుడైన పాదిరీకి ఉత్తరం రాస్తూ, ఊళ్ళో ఉన్న తమ్ముడు కంగారు పడుతున్నాడనీ, దగ్గరో దూరమో మంట కనపడని రాత్రే లేదనీ చెప్పాడు. అంటే ఆయనకు తెలుసు. ఉత్తరంలో రాశాడు, బొమ్మలో వెయ్యలేదు.

1830 ఆగస్టులో కెంట్ జిల్లాలో మొదలైన తిరుగుబాటు దక్షిణ, తూర్పు ఇంగ్లండంతా పాకింది. కూలి పెంచండి, మిషన్లు తీసెయ్యండి అని ఆసాములకు "కెప్టెన్ స్వింగ్" పేరుతో చీటీలు వచ్చేవి. అట్లాంటి మనిషి ఎవరూ లేడు. ఊరూరా ప్రతి కూలోడూ స్వింగే. ప్రభుత్వం 19 మందిని ఉరి తీసింది. 480 మందిని ఆస్ట్రేలియాకు ఓడెక్కించింది. 600 మందికి పైగా జైళ్ళ పాలయ్యారు. మరుసటి ఏడు ఓటు హక్కు కొంచెం పెంచే రిఫార్ము బిల్లు వస్తే కాన్‌స్టేబుల్ వద్దన్నాడు. 1834లో కొత్త పేదల చట్టం వచ్చింది. సాయం కావాలంటే వర్క్‌హౌసులో చేరాలి, చేరితే మొగుణ్ణీ పెళ్ళాన్నీ పిల్లల్నీ విడదీస్తారు. ఆ మంటలు, ఆ ఉరికొయ్యలు, ఆ వర్క్‌హౌసులు గోడ మీది సీనరీలో ఎక్కడా లేవు. ఇంగ్లండంటే గడ్డి బండి, మబ్బు, మంచి మనుషులు. దేశమంతా అదే నమ్మింది, మనకూ అదే అమ్మింది.

"బొమ్మ బొమ్మగా చూడొద్దా?"

ఒక మిత్రుడు నాతో వాదించాడు. "బొమ్మ రిపోర్టు కాదు కదా, అందం కోసం వేస్తారు. ప్రతిదాంట్లో కూలోణ్ణి వెతికితే ఎట్లా?" అన్నాడు. సరే, నా జవాబు ఇది. కూలోణ్ణి నేను కొత్తగా తెచ్చి పెట్టడం లేదు. ఆ పొలంలో వాడు ఉన్నాడు. వాణ్ణి తీసేసింది, చీకట్లోకి నెట్టింది, చుక్కగా మార్చింది బొమ్మ. జాన్ బారెల్ అనే పరిశోధకుడు 1980లో ఈ సంగతి మీదే ఒక పుస్తకం రాశాడు. 1730 నుంచి 1840 దాకా ఇంగ్లండు బొమ్మల్లో పేదవాడు ఎక్కడ నిలబడ్డాడో, వెలుగులోనా నీడలోనా, దగ్గరా దూరమా అని ఒక్కొక్క బొమ్మా పట్టి చూపించాడు.

చూపగలిగినవాళ్ళు లేకపోలేదు. హెన్రీ వాలిస్ అనే చిత్రకారుడు 1858లో "స్టోన్‌బ్రేకర్" అనే బొమ్మను ప్రదర్శించాడు. పొద్దుగూకే వేళ, రోడ్డుకు రాళ్ళు కొట్టే కూలోడు. నిద్రపోతున్నాడేమో అనుకుంటాం. కాలి మీదికి ఒక చిన్న అడవి జంతువు ఎక్కి ఉంటుంది. కదలడు. చచ్చిపోయాడు. అక్కడా కొండలున్నాయి, ఆకాశం రంగులతో వెలిగిపోతోంది. అందం ఎక్కడికీ పోలేదు. ఒక్కటే మార్పు, చిత్రకారుడు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కాబట్టి అందానికీ నిజానికీ పడదన్న మాట అబద్ధం.

ఇంకో మాట. కూలోళ్ళే నోరు తెరిచిన సందర్భాలూ ఉన్నాయి. స్టీఫెన్ డక్ అనే నూర్పిడి కూలీ 1730లో తన పని మీద పద్యం అచ్చువేశాడు. గొప్పగా రాశాడు గాని ఆడకూలీలను ఎగతాళి చేశాడు. మేరీ కోలియర్ అనే బట్టలుతికే ఆమె ఊరుకోలేదు. పొలం పని చేసి, ఇంటి పని చేసి, దొరల ఇళ్ళల్లో తెల్లవార్లూ బట్టలుతికే మా సంగతి నీకేం తెలుసని 1739లో తిరుగు పద్యం అచ్చువేసింది. కూలోడి బొమ్మలో కూడా కూలామె మాయమవుతుందని ఆమె అప్పుడే పట్టుకుంది. మన సంఘాల్లో మగవాళ్ళు ఈ మాట రెండుసార్లు చదువుకోవాలి.

మన పేట నుంచి చూస్తే

ఆ పాత బొమ్మలకు బదులు చెప్పే పని అక్కడ కూడా సాగుతోంది. 1980లో పీటర్ కెన్నార్డ్ అనే ఆయన ఆ గడ్డి బండి బొమ్మలోనే బండి మీద అమెరికా క్షిపణులు పెట్టి చూపించాడు. ఆ క్షిపణుల్ని ఇంగ్లండు పల్లెల్లో దించబోతున్న కాలం అది. ఇంగ్రిడ్ పొలార్డ్ అని గయానాలో పుట్టి లండన్‌లో పెరిగిన నల్లజాతి ఫోటోగ్రాఫరు ఉన్నారు. 1980ల చివర ఆమె నల్లజాతి మనుషుల్ని అందమైన లేక్ డిస్ట్రిక్టు కొండల నడుమ ఫోటోలు తీసి, ఆ పచ్చదనంలో తమకు గుండె ఎందుకు దడదడలాడుతుందో కింద రాశారు. ఆ పచ్చదనం వెనక బానిసల నెత్తురు ఉందని గుర్తు చేశారు. తనను బయటపెట్టిన బొమ్మలోకి తనే నడిచిపోయింది ఆమె.

మిత్రులారా, గోడల మీది సీనరీలు చించమని నేను చెప్పడం లేదు. చూసినప్పుడు మూడు ప్రశ్నలు అడగమంటున్నాను. దీన్ని వేసినవాడు ఎక్కడ నిలబడి చూశాడు? ఈ భూమి ఎవరిది? ఈ పని చేసినవాళ్ళను ఎక్కడ పెట్టాడు? ఇంగ్లండు బొమ్మకే కాదు, మన సినిమాలో పల్లెటూరి పాటకూ, మన కాలెండరు బొమ్మకూ ఇవే ప్రశ్నలు.

రాత్రిబడులు నడిపే మిత్రులకు ఒక మనవి. ఈసారి పిల్లల చేత సీనరీ వేయించేటప్పుడు చెరువుగట్టు మీంచి కాదు, మన పేట లోంచి ఊరిని చూసి వెయ్యమనండి. బోరింగు దగ్గర బిందెల వరస, నాట్ల నుంచి వచ్చే అమ్మ, మట్టిపట్టిన ఆమె కాళ్ళు, చీకటి పడ్డా రాని నాన్న, అన్నీ వెయ్యమనండి. కొండలు, సూర్యుడు, పిట్టలు కూడా ఉంచమనండి. అవీ మనవే.